నాలుగు సీసాల వాన

మృగశిర కార్తె వచ్చి వారం అయింది. సాయంత్రం ఆరు దాటాక పడమట ఉరుములు మొదలయ్యాయి. మీర్‌పేట్‌లో మా గల్లీ చివర రోడ్డు కాస్త వాలుగా ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ల ముందు పడ్డ నీళ్లన్నీ అక్కడికే చేరి మోరీలోకి దూకుతాయి. గొడుగేసుకుని, నాలుగు ఖాళీ గాజు సీసాలు సంచిలో పెట్టుకుని అక్కడికి పోయి నిలబడ్డాను. పక్కనే దర్జీ కొట్టు రేకుల కింద ఒక ముసలాయన వాన తగ్గేదాకా ఆగాడు. భుజం మీద వల ఉంది.

"ఏం సారూ, వాన నీళ్లు సీసాలల్ల పడ్తున్నవ్?"

"మొదటి వాన ఎట్లుంటదో చూద్దామని తాతా."

"అండ్ల సూసేదేముంది. రేపు పొద్దుగాల చెరువు కాడికి రా. చాపలే చెప్తయ్."

మొదటి ధార మోరీని తాకగానే ఒక సీసా నింపాను. పది నిమిషాలకు రెండోది, అరగంటకు మూడోది, వాన తుంపరగా మారాక నాలుగోది. ఇంటికి తెచ్చి పిట్టగోడ మీద వరసగా పెట్టాను. మొదటి సీసా చాయ్ డికాక్షన్ కన్నా నల్లగా ఉంది. దాని మీద సన్నటి నూనె తెట్టు కట్టింది. లైటు వెలుగు పడితే అందులో సింగిడి రంగులన్నీ కనిపించాయి. రెండోది చెరువు బురద రంగు. మూడోది బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. నాలుగోదాని వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలిగాను. ఒకే వాన, ఒకే గల్లీ, ఒకే మోరీ. తేడా అంతా గంట సేపట్లోనే వచ్చింది.

బియ్యం కడిగే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలుసు. మొదటి కడుగు చిక్కగా వస్తుంది, రెండోది పలచన, మూడోది తేట. ఆ మొదటి కడుగు నీళ్లనే కుడితి గోలెంలో పోసేవాళ్లు. వాన విషయంలో ఇంజినీర్లు దీన్ని ఫస్ట్ ఫ్లష్ అంటారు. నేల మీద పేరుకున్న మురికిలో పెద్ద వాటాను వాన తన మొదటి నీళ్లతోనే ఊడ్చుకుపోతుంది. మురికి కదలడానికి కుండపోత అక్కర్లేదు. రోడ్డు తడిసి, ధార కట్టి, పారితే చాలు.

నెలకో రెండు నెలలకో ఒకసారి వాన పడే దేశాల్లో ఈ తొలి కడుగు చిన్నగా ఉంటుంది. మనకు అలా కాదు. దీపావళి వెళ్లాక వాన ముఖం చూడడం అరుదు. వేసవిలో ఒకటి రెండు గాలివానలు తప్పిస్తే మళ్లీ జూన్ దాకా ఎదురుచూపే. ఏడు నెలల పాటు రోడ్డు మీద పడ్డది రోడ్డు మీదే ఉండిపోతుంది. ఆ ఏడు నెలల బాకీని తొలకరి ఒక్క సాయంత్రంలో చెరువు ఖాతాలో జమ చేస్తుంది.

ఏమిటా పేరుకున్నది? మా గల్లీలో నూరు అడుగులు నడిస్తే చాలు. ఆటోలు ఆగే చోట నేల మీద ఇంజిన్ ఆయిల్ మరకలు, ఒకదాని మీద ఒకటి, తారు కన్నా నల్లగా. స్పీడ్ బ్రేకర్ ముందు సన్నటి నల్లపొడి. అది టైర్ల నుంచి, బ్రేకుల నుంచి రాలింది. కొత్త కారు టైరుకూ అరిగి పారేసే టైరుకూ బరువులో కేజీకి పైగా తేడా ఉంటుంది. ఆ కేజీ ఎక్కడికో మాయమవలేదు, రోడ్డు మీదే ఉంది. టైరు పొడిలో జింకు ఉంటుంది. చాలా రకాల బ్రేకు ప్యాడ్ల పొడిలో రాగి ఉంటుంది. ఇంకొంచెం ముందుకు పోతే ఇల్లు కడుతున్న చోట రోడ్డు సగం దాకా ఇసుక కుప్ప, కంకర, సిమెంటు కలిపిన మడి. దాని తర్వాత కోడిమాంసం కొట్టు, దాని వెనక మోరీలోకి జారే వ్యర్థాలు. వాటికోసం తిరిగే కుక్కలు, అవి విడిచిపోయేది. సాయంత్రం బండి మీద అమ్మే మిర్చి బజ్జీల నూనె, టిఫిన్ సెంటర్ గిన్నెలు కడిగిన సబ్బు నీళ్లు, ఎండిన ఆకులు, గుట్కా ప్యాకెట్లు, పాల ప్యాకెట్ నుంచి కత్తిరించిన మూల ముక్కలు. ఒక్కొక్కటి చూస్తే ఏదీ నేరంలా కనిపించదు. ఫ్యాక్టరీ గొట్టమైతే వేలెత్తి చూపించవచ్చు, నమూనా తీయవచ్చు, నోటీసు ఇవ్వవచ్చు. ఇక్కడ ఆ గొట్టం లేదు. గల్లీ మొత్తం ఒక గొట్టమే.

మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్లాను. తాత కట్ట మీద కూచుని ఉన్నాడు. నాలా నీళ్లు కలిసే మూల చూపించాడు. చిన్న చిన్న బొచ్చె, రవ్వ చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. అరచేతి పొడవున్నవి కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి.

"ఇయ్యాల గివి. వాన ఇట్లనే కొడితే రెండు దినాలల్ల జిలేబీలు గూడ పోతయ్. కొర్రమట్ట ఒక్కటే బతుకుతది."

ఆయన మాటలో ఉన్నంత సైన్సు చాలా నివేదికల్లో ఉండదు. ఈ చేపలు విషం తిని చావలేదు, ఊపిరాడక చచ్చాయి. ముప్ఫై డిగ్రీల వేడిలో లీటరు నీరు మోయగలిగిన ఆక్సిజన్ ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. చేపలు పెరగాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. కుళ్లే పదార్థమంతా, అంటే ఆకులూ పేడా తిండి పదార్థాలూ మురుగూ ఒక్కసారిగా చెరువులో పడగానే బ్యాక్టీరియాకు పండగే. వాటిని తింటూ అవి నీళ్లలోని ఆక్సిజన్ వాడేసుకుంటాయి. దానికి తోడు ధార వేగానికి అడుగున ఎన్నో ఏళ్లుగా పేరుకున్న నల్లటి బురద కదిలి పైకి లేస్తుంది. మబ్బు పట్టి ఎండ లేకపోవడంతో నాచు పగలంతా చేసే ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది. రాత్రి అదీ ఉండదు. అందుకే చావులు రాత్రి మొదలై తెల్లవారేసరికి కనబడతాయి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. తాత చెప్పిన కొర్రమట్ట అదే. ఊపిరి తీసుకునే ఈ రెండో దారి ఉండబట్టే అది బతుకుతుంది. మృగశిర నాడు చేప తినాలని మార్కెట్లు కిటకిటలాడే వారంలోనే మన చెరువుల్లో చేపలు ఇట్లా తేలుతుండడం నన్ను చాలా బాధపెట్టింది.

మీర్‌పేట్ చెరువుల ఊరు. పెద్ద చెరువు, మంత్రాల చెరువు, పక్కనే జిల్లెలగూడ చందన చెరువు. ఇవి ఎవరికి వారుగా ఉండే గుంటలు కావు. పై చెరువు నిండి అలుగు దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. గొలుసుకట్టు అన్న మాట ఇక్కడి నేల చూసే పుట్టింది. ఈ వైపు నీళ్లు సరూర్‌నగర్ చెరువు దిక్కుగా దిగి, అక్కడి నుంచి మూసీలో కలుస్తాయి. వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నగరాన్ని దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మా గల్లీ మోరీలో మొదటి సీసా నింపిన ఆ నల్లటి నీటికి వాడపల్లి దాకా దారి ఉంది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది, అందులో మూసీ ఒకటి. మూసీ అనగానే మనకు ఫార్మా వ్యర్థాలు, మురుగు కాలువలు గుర్తొస్తాయి, అది న్యాయమే. వాన కడుగు మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

అదే వాన వందేళ్ల కింద కూడా పడింది. అప్పుడు చెరువులు ఇట్లా కాలేదు. ఎందుకంటే వానకూ చెరువుకూ మధ్య నేల ఉండేది. ఈ చుట్టుపక్కల పొలాలు, ఎర్ర చెలకలు, శిఖం భూములు ఉన్నప్పుడు తొలకరి నీటిని ముందు భూమే తాగేది. మిగిలింది గడ్డి మీదుగా, గట్ల వెంట మెల్లగా జారేది. ఎర్రమట్టిలోని బంకరేణువులు లోహాలను పట్టి ఉంచుతాయి. మట్టిలోని సూక్ష్మజీవులు నూనెను తింటాయి. గడ్డివేళ్లు నత్రజనిని, భాస్వరాన్ని లాక్కుంటాయి. పైసా ఖర్చు లేని జల్లెడ అది.

ఇప్పుడు లెక్క చూడండి. మా దిక్కు మామూలు ఇల్లు 200 గజాల జాగా. అంటే సుమారు 167 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 25 మిల్లీమీటర్ల వాన, అంటే జూన్‌లో ఒక మోస్తరు సాయంత్రపు వాన, ఆ ఒక్క జాగా మీద 4,100 లీటర్లకు పైగా కురుస్తుంది. ఇంటి చుట్టూ నాపరాళ్లు పరిచి, ముందంతా సిమెంటు చేసి, రోడ్డు సీసీ వేశాక అందులో దాదాపు అంతా బయటికే పారుతుంది. అట్లాంటివి 500 ఇళ్లున్న కాలనీ నుంచి ఒక్క వానకు ఇరవై లక్షల లీటర్లు. మట్టి ఉన్నప్పుడు ఆ నీళ్లు చెరువు చేరడానికి రోజులు తీసుకునేవి. ఇప్పుడు అరగంట చాలు. నీళ్లు వడిగా పారినకొద్దీ వెంట తీసుకుపోయే బరువూ పెరుగుతుంది.

2020 అక్టోబర్ 13న ఈ వడి ఎంతటిదో నగరమంతా చూసింది. బేగంపేటలో ఆ ఒక్క రోజు 19 సెంటీమీటర్లకు పైగా కురిసింది. చెరువులు పొంగి మిథిలానగర్ లాంటి మీర్‌పేట్ కాలనీలు నీటిలో మునిగాయి. ఆ నీళ్లు ఇళ్లలోకి తెచ్చినది వాన మాత్రమే కాదని గోడల మీద నడుమెత్తున మిగిలిపోయిన నల్లటి గీత చూసినవాళ్లకు తెలుసు. వరద గురించి చాలా మాట్లాడుకున్నాం. నాలాలు వెడల్పు చేయాలి, కబ్జాలు తీయాలి అన్నాం. 2000 ఆగస్టు వరదల తర్వాత వేసిన కిర్లోస్కర్ కమిటీ నుంచి నిన్నటి దాకా చర్చంతా నీళ్లు ఎంత అన్న దాని మీదే నడిచింది. ఆ నీళ్లలో ఏముందో అడిగినవాళ్లు తక్కువ. నాలా వెడల్పు చేసి అడుగున సిమెంటు పోస్తే నీళ్లు త్వరగా పోతాయి, నిజమే. మురికి కూడా అంతే త్వరగా, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా వడకట్టకుండా చెరువుకు పోతుంది.

ఇంకో సంగతి ఉంది, అది మన ఇళ్లలోపలిదే. చాలా డాబాల మీది వాన పైపును తెచ్చి నేరుగా ఇంటి ముందున్న డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో కలిపేస్తారు. మేస్త్రీకి అది దగ్గర దారి, మనకు ముంగిట నీళ్లు నిలవవు. కానీ ఆ మురుగు పైపును వేసింది బాత్రూములు, వంటగదులు, మరుగుదొడ్ల నీళ్లకు. ఇంటికి రోజంతా కలిపి ఐదారు వందల లీటర్ల లెక్కన. అందులోకి అరగంటలో డాబా నుంచి రెండు వేల లీటర్లు దిగితే ఏమవుతుంది? కింది గల్లీలో మ్యాన్‌హోల్ మూత లేస్తుంది. మురుగు రోడ్డెక్కి, వాన నీళ్లతో కలిసి మోరీలో పడి చెరువుకు పోతుంది. వానాకాలంలో చెరువు నీళ్లలో ఈ.కోలై బ్యాక్టీరియా పెరగడానికి కుక్కలనొక్కటే తప్పు పట్టలేం.

మరి మురుగు శుద్ధి కేంద్రాలు ఉన్నాయి కదా అంటారు. మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోల్‌లో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రాలున్నాయి. నగరం చుట్టూ కొత్తగా మరో 31 కేంద్రాలు చేపట్టారు. ఇవి తప్పక కావాలి, ఎంత త్వరగా పూర్తయితే అంత మంచిది. కానీ వాటిని కట్టింది ఇళ్ల మురుగు కోసం. రోడ్డు కడుగు వాటి దాకా పోదు, పోకూడదు కూడా. పోయిన రోజున వచ్చే నీరు వాటి శక్తిని దాటిపోయి, శుద్ధి కాకుండానే బయటికి వదలాల్సి వస్తుంది. అందుకే ప్రతి చెరువు పక్కనా ఒక శుద్ధి కేంద్రం కట్టినా తొలకరి మర్నాడు చేపలు తేలడం ఆగదు.

ఈ రోడ్డు కడుగులో ఏముందో పట్టుకోవడానికి ప్రపంచంలో జరిగిన పరిశోధనల్లో ఒకటి నాకు మరీ ఇష్టం. అమెరికా పడమటి తీరంలో సియాటిల్ చుట్టూ ఉన్న వాగుల్లోకి కోహో సాల్మన్ అనే చేపలు సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వస్తాయి. కొన్ని వాగుల్లో, వాన పడిన ప్రతిసారీ, గుడ్లు పెట్టకముందే అవి మెలికలు తిరిగి చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి కారణం తెలియలేదు. లోహాలు చూశారు, పురుగుమందులు చూశారు, ఏదీ సరిపోలలేదు. చివరికి 2020 డిసెంబర్‌లో జవాబు దొరికింది. టైరు పగుళ్లు బారకుండా రబ్బరులో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము కూడా అక్కర్లేదు, కోహో చేప గంటల్లో చచ్చిపోతుంది. టైరులో కలిపినప్పుడు లేని విషం, రోడ్డు మీద గాలితో కలిసి పుట్టింది. మన చెరువుల చేపలు అదే రసాయనానికి చస్తున్నాయని నేను అనడం లేదు. ఈ విషయంలో చేప చేపకూ తేడా చాలా ఉంది. కానీ అవే టైర్లు మన రోడ్ల మీదా అరుగుతున్నాయి.

ఆ పరిశోధనలోనే అంతకు ముందు జరిగిన ఒక ప్రయోగం ఉంది. రోడ్డు మీద పట్టిన నీళ్లలో కోహోలను వదిలితే చచ్చాయి. అదే నీళ్లను ఇసుక, ఎరువు కలిపిన మట్టి పొర గుండా వడకట్టి వదిలితే బతికాయి. యంత్రాలు లేవు, మందులు లేవు. మూడు నాలుగు అడుగుల లోతు కూడా లేని మట్టి.

అది చదివాక నాకు ఇంకో రెండు సీసాలు పట్టాలనిపించింది. మా గల్లీకి రెండు గల్లీల అవతల ఇంకా కట్టని ఖాళీ జాగా ఒకటుంది. గరిక, తుంగ, వయ్యారిభామ ఒత్తుగా పెరిగి ఉంటాయి. పై రోడ్డు నీళ్లలో కొంత ఆ జాగాలోకి దిగి, అటు చివర గోడ కంత లోంచి బయటికొస్తాయి. తర్వాతి గట్టి వానకు అక్కడికి పోయాను. జాగాలోకి దిగే చోట ఒకటి, బయటికి వచ్చే చోట ఒకటి పట్టాను. లోపలికి పోయే ధార పట్టగానే సీసా నిండింది. బయటికి వచ్చే చోట మాత్రం ఇరవై నిమిషాలు ఆగినా చుక్క రాలేదు. నేల తాగేస్తోంది. వచ్చాక చూస్తే లేత చెరకు రసం రంగు. మట్టి ఉంది గానీ మీద తెట్టు లేదు. వాసన చూశాను. పచ్చి మట్టివాసన. మా గల్లీ మోరీ దగ్గర తొలకరికి రాని వాసన అది. అక్కడ తడిసిన నూనె వాసనే వస్తుంది. ఇదేమీ ల్యాబు పరీక్ష కాదు. కరిగిన జింకు, భాస్వరం కళ్లకు కనబడవు. అయినా యాభై అడుగుల గడ్డి ఏం చేయగలదో కళ్లతో చూశాను.

చెరువుల సుందరీకరణ మీద నా అభ్యంతరం ఇక్కడే. చుట్టూ నడక బాట, రంగురంగుల దీపాలు, కూర్చునే బల్లలు. ఇవన్నీ మంచివే, సాయంత్రం పిల్లల్ని తీసుకుని నేనూ పోతాను. కానీ బాట వేయడానికి ఒడ్డున ఉన్న జమ్ము, తుంగ పీకేసి రాళ్లు పేర్చి సిమెంటు పూస్తే చెరువుకున్న ఆఖరి జల్లెడ కూడా పోతుంది. నాలా చెరువులో కలిసే చోట ఒక ఎకరమో అరెకరమో వదిలి, అక్కడ నీళ్లు ఆగి మట్టి పేరుకునే గుంట, దాని తర్వాత జమ్ముతో నిండిన బురదనేల ఉంచితే తొలి కడుగులో బరువంతా అక్కడే దిగిపోతుంది. ఆ గుంటను ఏటా ఎండాకాలంలో తవ్వి తీయాలి. తీసిన పూడికను గట్టు మీదే పోసి వదిలేస్తే మొదటి వానకే మళ్లీ నాలాలోకి జారుతుంది. ఈ దృశ్యం చూడని కాలనీ ఉండదేమో. పూడిక తీసిన రోజే లారీ కూడా రావాలి.

ఇంకా చవకైన పని ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మే ఆఖరి వారంలో రోడ్లు ఊడవడం. రోజూ పైపైన ఊడ్చేది కాదు. డివైడర్ల పక్కన, మోరీ అంచుల్లో పేరుకున్న నల్లటి పొడిని తట్టలకెత్తి తీసుకుపోవడం. లోహాలు ఎక్కువగా అంటుకునేది ఆ సన్నటి పొడికే. తొలకరికి ముందు తీసిన ఒక్క తట్ట, తొలకరి తర్వాత చెరువు అడుగు నుంచి తీయాల్సిన బురదను తగ్గిస్తుంది. ఇల్లు కట్టేవాళ్లు ఇసుక కుప్ప చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి, పైన పట్టా కప్పినా అంతే మేలు.

ఈ సీసాల సంగతి గల్లీలో పాకింది. ఒకరోజు పక్కింటి అక్క గోడ మీంచి పిలిచింది. "అన్నా, మా డాబా పైపు మ్యాన్‌హోల్‌లకే పోతది. తీసి బోర్ల కలపమంటవా?" బోరులో వద్దన్నాను. వాన నీళ్లను వడకట్టకుండా బోరు గొట్టంలోకి వదిలితే, ముఖ్యంగా రోడ్డు నీళ్లను, మనం తాగే నీళ్లలోకే నేరుగా మురికి పంపినట్టు. భూమి పైపొరల్లోంచి ఇంకుతూ పోతేనే అది శుభ్రపడుతుంది. డాబా మీద నీళ్లు రోడ్డు నీళ్లంత మురికిగా ఉండవు. మొదటి వానకు ముందు డాబా ఊడ్చుకుంటే చాలు.

ఆదివారం ఆమె పెరట్లో మల్లెపందిరి పక్కన, గోడకు దూరంగా, నాలుగు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పుతో గుంత తవ్వించింది. మూడు అడుగుల దాకా ఎర్రమట్టి వచ్చింది. ఆ తర్వాత మొరం తగిలి పార గీరుకుంది. ఆరడుగులకు ఆపారు. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక వేస్తే ఆ సందుల్లోనే ఒకేసారి వెయ్యి లీటర్ల దాకా పడతాయి. మిగతాది వాన పడుతుండగానే కిందికి ఇంకుతూ ఉంటుంది. రాళ్లు వేయకముందు ఒక పరీక్ష చేద్దామన్నాను. ఆమె కొడుకు రెండు బకెట్లు మోసుకొచ్చి ఉత్త గుంతలో పోశాడు. గడియారం పట్టుకుని ముగ్గురం అంచున నిలబడ్డాం. పదో నిమిషానికి నీళ్ల మీద బుడగలు లేచాయి. ఇరవై రెండో నిమిషానికి అడుగున మొరం తడిగా మెరుస్తూ బయటపడింది.